మూడు రోజుల పత్యం

రక్తపు చుక్క గాజుపలక మీద పడింది. సన్నటి గీతల్లోకి పాకి, తొమ్మిది పాయలుగా చీలి, తొమ్మిది సెన్సర్ల దగ్గర ఆగింది. ఫలితం రావడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. డాక్టర్ పసుపులేటి హైమావతి గడియారం వంక చూస్తూ నిలబడింది. ఎదురుగా స్టూలు మీద కూర్చున్న బొమ్మిడి నూకరాజు ఊపిరి కూడా నెమ్మదిగా పీలుస్తున్నాడు. గట్టిగా పీలిస్తే మిషను ఎక్కడ వినేస్తుందో అని అతని భయం.

తెర మీద అంకె పడింది. ఇరవై తొమ్మిది.

"ఎంతండి?"

"ఇరవై తొమ్మిది."

"నలభై కావాలన్నారు కదండి."

"అవును, నూకరాజుగారూ."

"ఆయ్," అన్నాడతను. చొక్కా చెయ్యి కిందికి దించుకుని గుండీ పెట్టుకున్నాడు.

ముందు ఈ మిషను సంగతి చెప్పాలి. చెప్పకుండా కథ లాక్కుపోతే మీరు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. గుండె బలహీనపడిన మనిషికి ఒంట్లో నీరు చేరుతుంది. పాదాలు వాస్తాయి, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు. ఇది ఒక్కరోజులో తేలిపోయే జబ్బు కాదు, ఏళ్ల తరబడి వెంట నడుస్తుంది. అందులో రెండేళ్లు ఉండేవాళ్లెవరో, రెండు నెలల్లో పోయేవాళ్లెవరో పూర్వం ఎంత పెద్ద డాక్టరైనా కచ్చితంగా చెప్పలేకపోయేవాడు. కానీ రక్తానికి కొంత తెలుసు. గుండె గోడ సాగితే అది రక్తంలోకి ఒక ప్రోటీన్ వదులుతుంది. కండరం దెబ్బతింటే ఇంకొకటి. మచ్చ కడితే మరొకటి. కిడ్నీలు అలిసిపోతే వాటి గుర్తు వేరే. ఇలాంటివి తొమ్మిది. వీటినే మార్కర్లు అంటారు. విడివిడిగా అడిగితే ఒక్కొక్కటి సగం నిజమే చెబుతుంది. తొమ్మిదింటినీ ఒకేసారి విని, కలిపి అర్థం చేసుకునే మిషన్ని హైమావతి తయారు చేసింది. ఆరేళ్లపాటు ఈ జిల్లాలోని పన్నెండు వేలమంది రోగుల రక్తం, వాళ్లలో ఎవరు ఎన్నాళ్లు బతికారన్న లెక్క, రెండూ దానికి నేర్పింది. దాని పేరు ప్రోగ్నో-9. కాకినాడ జనానికి ఆ పేరు నోరు తిరగలేదు. 'గడువుపెట్టె' అని వాళ్లే పెట్టుకున్నారు. హైమావతికి ఆ పేరు వింటే ఒళ్లు మండుతుంది.

పెట్టె ఇచ్చే అంకెకి అర్థం ఒక్కటే. ఈ మనిషికి గుండె పంపు పెడితే రెండేళ్లు బతికే అవకాశం నూటికి ఎంత? పిడికిలంత పంపు అది. గుండెకి తగిలిస్తారు, నడుముకి బ్యాటరీ బెల్టు కడతారు. తయారయ్యేవి తక్కువ, కావలసినవాళ్లు వేలమంది. అందుకని సాగరతీర హృదయ కేంద్రంలో ఒక నియమం ఉంది. నలభై దాటినవాళ్లకే పంపు. వాళ్లలోనూ ఎక్కువ అంకె వచ్చినవాళ్లకి మొదట. ఈ రెండో సగం రోగులకి చెప్పరు. ఒకసారి చెబితే రెండు కుటుంబాలు వరండాలోనే కలబడ్డాయి, గాజు తలుపు పగిలింది. అప్పట్నుంచి పంపులెన్ని ఉన్నాయో కూడా బయటికి పొక్కనివ్వరు.

ఆ వారం మిగిలింది ఒకే ఒక్క పంపు. మళ్లీ వచ్చేది ఏడాది పైన. ఇది మంగళవారం. శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలకి కమిటీ కూర్చుంటుంది. నలభై దాటిన మనిషి అప్పటికి ఒక్కడే, మైలపల్లి అప్పలకొండ. నలభై నాలుగు.

హైమావతికి మింగుడుపడనిది అదే. అప్పలకొండకి అరవై రెండేళ్లు. నూకరాజుకి నలభై ఎనిమిది. స్కానులో నూకరాజు గుండె ఎంతో నయంగా కనిపిస్తోంది. పంపు పెడితే హాయిగా తిరుగుతాడు, పెట్టకపోతే ఆరు నెలలు గడవడం కష్టం. మరి ఈ ఇరవై తొమ్మిది ఎక్కణ్ణుంచి వచ్చింది?

"శుక్రవారం పన్నెండింటికి ఇంకొక్కసారి చూద్దాం. రెండోసారికి నియమం ఒప్పుకుంటుంది," అంది.

నూకరాజు వరండాలోకి వచ్చి బెంచీ మీద కూలబడ్డాడు. పక్కనే అప్పలకొండ గోడకి ఆనుకుని కునుకు తీస్తున్నాడు. అతని భార్య పోలమ్మ ఒళ్లో క్యారేజీ పెట్టుకుని కూర్చుంది. ముక్కు మొహం తెలియని మనిషినైనా ఇట్టే పలకరించే ఆడమనిషి.

"ఎంతొచ్చింది తమ్ముడూ?"

"ఇరవై తొమ్మిదండి."

"అయ్యో. ఈ మూడు రోజులూ ఏం తిన్నావేంటి?"

"ఏముందండి, హోటల్లో సాంబారన్నం. నిన్న సాయంత్రం ఉప్పుచేప పులుసు."

పోలమ్మ బుగ్గన వేలు పెట్టుకుంది. "పరీక్షకి చదవకుండా వెళ్లిపోయావా? ఎవరూ చెప్పలేదా నీకు? మూడ్రోజుల ముందు ఉప్పు డబ్బా అటకెక్కించెయ్యాలి. చప్పిడి గంజి. నీళ్లు గుక్క లెక్కన. మాత్ర ఒక్కపూట తప్పకూడదు. అంతా ఇదే చేస్తారు ఇక్కడ. మీ బావకి నేను పత్యం పెట్టబట్టే కదా నలభై నాలుగు వచ్చింది."

తలుపు దగ్గరికొచ్చిన హైమావతి అది విని ఆగిపోయింది.

"అందరూ చేస్తారా?" అని అడిగింది. గొంతు కాస్త పెద్దదే అయ్యింది.

బెంచీల మీదున్నవాళ్లు నేల చూపులు చూశారు. పోలమ్మ మాత్రం తడబడలేదు. "చెయ్యక ఏం చేస్తారు డాక్టరమ్మా? షుగరు పరీక్షంటే మూడ్రోజులు లడ్డూ మానేసి రారా జనం? డాక్టరుగారి ముందు తలొంపులు ఎందుకని. ఇదీ అంతే."

హైమావతి గదిలోకొచ్చి తలుపేసుకుంది. ఆరేళ్ల పని కళ్ల ముందు తిరిగింది. పన్నెండు వేలమందీ పత్యం చేసిన రక్తమే ఇచ్చారా? అంటే మిషను నేర్చుకున్నదంతా వేషం వేసుకొచ్చిన రక్తం దగ్గరా? ఆమెకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. కంప్యూటరు ముందు కూర్చుని డేటా తిరగేసింది.

పత్యం చేసిన రక్తానికి ఒక ఆనవాలుంది. కాస్త చిక్కబడుతుంది, గుండె సాగినప్పటి ప్రోటీన్ తగ్గుతుంది, కిడ్నీల గుర్తు కొంచెం పెరుగుతుంది. ఆ ఆనవాలు తీసేసి పాత రోగుల లెక్కలు మళ్లీ వేయించింది. మామూలుగా నూటికి తొంభై ఒక్కటి సరిగ్గా చెప్పే మిషను అరవై రెండుకి దిగిపోయింది. వేషం తీసేస్తే మిషను తెలివి పెరగాలి. తగ్గిందేమిటి?

రోగి వెంట ఎవరొచ్చారో సంతకం తీసుకునే రిజిస్టరు ఒకటి ఉంటుంది. మధ్యాహ్నం రెండింటికి దాన్ని పక్కన పెట్టుకుని చూసింది. అప్పుడు అర్థమైంది. రక్తం చిక్కబడి వచ్చినవాళ్ల వెంట దాదాపు ఎప్పుడూ ఎవరో ఒకరున్నారు. పెళ్లామో, కూతురో, చెల్లెలో. చిక్కబడని రక్తంతో వచ్చినవాళ్లు ఒంటరిగా వచ్చినవాళ్లు. మూడు రోజులు ఉప్పు డబ్బా దాచిపెట్టే మనిషి ఇంట్లో ఉంటే, ఆ మనిషే రోజూ మాత్ర చేతిలో పెడుతుంది, పొద్దున్నే పాదం నొక్కి వాపు చూస్తుంది. అలాంటి ఇంట్లో రోగి బతుకుతాడు. ఆరేళ్లుగా మిషను చూస్తున్నది సగం గుండెనైతే, సగం ఇంటిని.

సూపరింటెండెంటు వేమూరి చలపతి దగ్గరికి వెళ్లి అంతా చెప్పింది. ఆయన చెడ్డవాడేం కాదు, నియమాల మనిషి. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"అయితే మిషను తప్పు చెప్పలేదన్నమాట."

"తప్పు కాదు సార్. కానీ అది చూడాల్సింది రక్తాన్ని."

"తోడు లేనివాడికి పంపు పెడితే రోజుకి రెండుసార్లు బ్యాటరీ ఎవరు మారుస్తారు? రక్తం పలచబడే మాత్ర ఎవరు గుర్తుచేస్తారు? మీ మిషను మనకంటే ముందే ఆలోచించింది, డాక్టర్."

"నూకరాజుకి ఎవరూ లేరని చావమందామా?"

"ఇది ఇప్పుడు కమిటీలో పెడితే మిషను ఆపేస్తారు. పంపు వేరే జిల్లాకి పోతుంది. ఇద్దరికీ దక్కదు. శుక్రవారం దాకా ఆగండి." ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకుని అన్నాడు, "ఇంట్లో తోడు అంత ముఖ్యమైతే, తోడుగా ఉండేవాళ్ల సంతకం ఒకటి తీసుకుంటే సరి. ఫారం తయారు చేయిస్తాను."

ఆమె కిందికొచ్చేసరికి పోలమ్మ క్యారేజీ మూతలో గంజి పోసి నూకరాజు చేతికిస్తోంది. అతను హార్బరు ఐస్ ఫ్యాక్టరీలో గడ్డలు కోసేవాడు. ఆ వెనక గదిలోనే ఒక్కడూ పడుంటాడు. పెళ్లి కాలేదు, అమ్మ పోయి పదేళ్లు. ఈ చరిత్ర అంతా పోలమ్మ అప్పటికే రాబట్టింది.

"మా ఇల్లు ఏటిమొగలోనే డాక్టరమ్మా. ఈయన్ని మూడ్రోజులు మా అరుగు మీద పడుకోమంటున్నా. మా ఆయనకి ఎలాగూ పత్యం వండాలి. ఇంకో గుప్పెడు బియ్యం పడేస్తే సరి. నలభై దాటేస్తే ఇద్దరికీ పంపులొచ్చేస్తాయి."

ఇద్దరికీ. పదో తరగతి పరీక్షలాగ, పాసు మార్కొస్తే అందరూ గట్టెక్కుతారని ఆవిడ అనుకుంటోంది. ఇక్కడ జరిగేది ర్యాంకుల పంపకం. హైమావతికి ఆ మాట నాలుక చివర దాకా వచ్చింది.

చెప్పొచ్చు. చెప్పకూడదన్న నియమం ఉంది నిజమే. ఆ నియమం ఒక్కటే ఆపిందంటే నేను నమ్మను, మీరూ నమ్మకండి. తోడు లేని మనిషికి తోడు దొరికితే పెట్టె ఏమంటుందో చూడాలని ఆమెకి మహా ఆత్రంగా ఉంది. మూడు రోజుల్లో నలభై నాలుగు దాటడులే అని తనకి తాను సర్దిచెప్పుకుంది. నూకరాజు బతకాలన్న కోరిక కూడా ఉంది, కాదనను. అన్నీ కలిసి నోరు నొక్కేశాయి.

"జాగ్రత్తగా చూసుకోండి," అని మాత్రం అంది.

బుధవారం సాయంత్రం హైమావతి బీపీ చూసే నెపంతో ఏటిమొగ వెళ్లింది. రెండు గదుల ఇల్లు. అరుగు మీద నూకరాజు, లోపల మంచం మీద అప్పలకొండ. ఇద్దరి మాత్రలూ రెండు టీ గ్లాసుల్లో, ఇద్దరి నీళ్లూ రెండు సీసాల్లో. సీసాల మీద పోలమ్మ బొగ్గుతో గీతలు గీసింది.

"చూశారా డాక్టరుగారూ," అన్నాడు అప్పలకొండ. "నలభై ఏళ్లు కాపురం చేసినందుకు నాకు చప్పిడి గంజి. నిన్నగాక మొన్నొచ్చిన బావమరిదికీ అదే గంజి. ఇదేం న్యాయమండి?"

"నోరు మూసుకుని తాగు మావా," అంది పోలమ్మ.

నూకరాజు నవ్వాడు. అతను నవ్వడం హైమావతి మొదటిసారి చూసింది. ఇప్పుడైనా చెప్పెయ్యాలనుకుంది. బీపీ మిషను సర్దుకుని వచ్చేసింది.

గురువారం మధ్యాహ్నం ఫోనొచ్చింది. వెళ్లేసరికి నూకరాజు గుమ్మం దగ్గర గోడ పట్టుకుని కూర్చున్నాడు. లేచి నిలబడబోతే కళ్లు తిరిగాయట. పెదాలు ఎండి పగిలాయి. బీపీ ఎనభై నాలుగు. ఒంట్లో నీరు దిగే మాత్ర వేసుకుని, గీత దాకా ఉన్న నీళ్లు కూడా తాగకుండా దాచుకున్నాడు, ఇంకో రెండు మార్కులు ఎక్కువ పడతాయని.

"ఇక ఆపేద్దాం. కిడ్నీలు దెబ్బతింటాయి," అంది హైమావతి.

"ఒక్కరోజే కదండి. ఓర్చుకుంటాను," అన్నాడతను. కళ్లలో నీళ్లు తిరిగాయి. "చచ్చిపోవడం నాకిష్టం లేదండి. ఇన్నాళ్లూ పెద్దగా అనిపించలేదు. ఈ రెండ్రోజుల్నుంచి అనిపిస్తోంది."

పోలమ్మ అతని అరచెయ్యి తిప్పి చర్మం గిల్లి చూసింది. గిల్లిన చోట మడత అలాగే నిలబడింది. "పత్యం అంటే ప్రాణం తీసుకోవడం కాదు. తాగు," అని గ్లాసు నోటికి పెట్టింది. అర గ్లాసు. పావుగంట ఆగి ఇంకో పావు. ఊపిరి ఎలా ఉందో వీపు మీద చెవి పెట్టి విని, చాలు అంది. నీళ్లు తక్కువైతే కిడ్నీలు పోతాయి, ఎక్కువైతే ఊపిరితిత్తులు నిండుతాయి. హైమావతి పక్కన కూర్చుని గంటన్నరసేపు బీపీ చూస్తూనే ఉంది. ఎనభై ఎనిమిది. తొంభై రెండు. తొంభై ఎనిమిది. తను చెప్పాల్సిన పని ఒక్కటీ మిగల్లేదు. పోలమ్మ చేతులు అన్నీ చేసేశాయి.

శుక్రవారం పన్నెండింటికి పెట్టె నలభై ఏడు చూపించింది.

మూడున్నరకి కమిటీ లేచింది. చలపతి కొత్త ఫారం చేత్తో పట్టుకుని హైమావతి గదికొచ్చాడు. నూకరాజునీ, మైలపల్లివాళ్లనీ లోపలికి పిలిచారు. అప్పలకొండ ఆయాసంతో కుర్చీలో కూర్చున్నాడు.

"పంపు నూకరాజుగారికి వచ్చింది," అన్నాడు చలపతి. "ఇంట్లో చూసుకునే మనిషి ఎవరో ఇక్కడ సంతకం పెట్టాలి."

పోలమ్మ మొహం విప్పారింది. "నేను పెడతానండి. వేలిముద్ర కాదు, సంతకమే వచ్చు. మరి మా ఆయన కాయితం ఏదండి?"

చలపతి హైమావతి వంక చూశాడు.

"పంపు ఒక్కటే ఉంది పోలమ్మగారూ," అంది హైమావతి. "ఎక్కువ అంకె వచ్చినవాళ్లకి ఇస్తారు. నూకరాజుగారికి మీరు నలభై ఏడు తెప్పించారు."

పోలమ్మ ఆ మాటని మెల్లగా మింగింది. మొగుడి వంక చూసింది, అరుగు మీద పడుకోబెట్టుకున్న మనిషి వంక చూసింది.

"మీకు మంగళవారమే తెలుసా?"

"తెలుసు."

"చెప్పుంటే నేను ఈయనకి గంజి పోసేదాన్ని కాదమ్మా. ఈపాటికి ఈయన మొహం కూడా నాకు గుర్తుండేది కాదు. ఇప్పుడెలా?"

హైమావతికి తల కొట్టేసినట్టయింది. ఇక దాచడానికి ఓపిక లేకపోయింది. "సంతకం పెట్టేవాళ్లు లేకపోతే పంపు తర్వాతివాళ్లకి వెళ్తుంది. అంటే మీ ఆయనకే. ఇది కూడా మీకు తెలియాలి," అంది.

పెన్ను పోలమ్మ చేతిలోనే ఉంది. అప్పలకొండ ఆయాసపడుతూ ఆ పెన్ను వంకే చూస్తున్నాడు. అతను భార్యని ఏమీ అడగలేదు. అడగకపోవడమే ఆవిడకి కష్టమైంది.

"పెట్టకక్కా," అన్నాడు నూకరాజు. "నాకెలాగూ ముందు ఇరవై తొమ్మిదే కదా."

"నా మొగుణ్ణి కాదని పెట్టలేను తమ్ముడూ," అని పోలమ్మ పెన్ను బల్ల మీద పెట్టేసింది. పైట నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నూకరాజు లేచి, అప్పలకొండ భుజం మీద చెయ్యేసి, బయటికి వెళ్లిపోయాడు.

సోమవారం అప్పలకొండకి పంపు అమర్చారు. ఆపరేషను బ్రహ్మాండంగా జరిగింది. పదో రోజున అతను ఆయాసం లేకుండా మెట్లెక్కాడు. రెండో నెలలో పడవ దగ్గరికెళ్లి వలలు సర్దాడు. హైమావతి ఏటిమొగ వైపు వెళ్లడానికి మొహం చెల్లక ఫోన్లోనే కనుక్కునేది. నూకరాజుకి కూడా చాలాసార్లు ఫోన్ చెయ్యబోయి మానేసింది. అతను పోయాడన్న మాట వినవలసి వస్తుందని భయం.

తొమ్మిదో నెలలో పోయాడన్న కబురు రానే వచ్చింది. పోయింది అప్పలకొండ. రక్తం పలచబడే మాత్ర పదిహేను రోజులుగా వేసుకోలేదట. పంపులో కట్టిన రక్తపు గడ్డ మెదడుకి ఎక్కింది. పంపు ఆఖరు దాకా బాగానే పని చేసింది.

ఏడాదిన్నర తర్వాత కొత్త పంపులొచ్చాయి, మళ్లీ పరీక్షలు మొదలయ్యాయి. ఒక ఉదయం హైమావతి వరండాలోకి వస్తే బెంచీ మీద నూకరాజు కూర్చుని ఉన్నాడు. చిక్కాడు గానీ మొహం తేటగా ఉంది. పాదాల్లో వాపు లేదు. పక్కన క్యారేజీతో పోలమ్మ. హైమావతి అక్కడే నిలబడిపోయింది. తర్వాత వెళ్లి ఆవిడ పక్కన కూర్చుంది.

"రోజూ మీరే చూసుకుంటున్నారా?" అని అడిగింది.

"ఆయ్. ఆ సోమవారం నుంచీ. మా ఆయన్ని లోపలికి తీసుకెళ్లారు, నేను ఐస్ ఫ్యాక్టరీకి గంజి పట్టుకెళ్లాను. సంతకం పెట్టలేకపోయాను, గంజైనా పొయ్యాలి కదా అనుకున్నాను." పోలమ్మ క్యారేజీ గిన్నె మూత బిగించి, వదులు చేసి, మళ్లీ బిగించింది. "ఈయనకి పంపు లేదు, ఏ పూట పోతాడో అని రోజుకి మూడుసార్లు వెళ్లి చూశానమ్మా. మా ఆయనకి పంపుందిలే, మిషను చూసుకుంటుందిలే అని ధైర్యపడ్డాను. మాత్రేసుకున్నావా మావా అని గుమ్మంలోంచి అరిచేదాన్ని. వేసుకున్నాననేవాడు. లోపలికెళ్లి గ్లాసు చూడలేదు."

హైమావతి ఆవిడ చెయ్యి పట్టుకుంది. పోలమ్మ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

లోపలి నుంచి నూకరాజు పేరు పిలిచారు. పోలమ్మ లేచి, అతని మాత్రల చీటీ, పొద్దున్న చూసిన బరువు రాసిన కాయితం సంచీలోంచి తీసి, అతనికంటే ముందు లోపలికి వెళ్లింది.